అత్తయ్యకు చదివి చెప్పిన స్పానిష్

నాకు స్పానిష్ వచ్చు. ఎవరైనా అడిగితే "ఏదో అంతంత మాత్రం లెండి" అంటూ నీళ్ళు నమలడం నా వల్ల కాదు. వచ్చు అంటే వచ్చు, అంతే. కాలేజీలో ముచ్చటపడి నేర్చుకున్నాను. ఆ తరువాత ఫ్రిజ్‌లు అమ్మే ఒక కంపెనీలో ఫోన్ ముందు కూర్చుని, ఎక్కడెక్కడి నుంచో స్పానిష్‌లో తిట్టిపోసే వాళ్ళందరి తిట్లూ విని, వాళ్ళ ఫ్రిజ్ ఎందుకు చల్లబడటం లేదో వాళ్ళ భాషలోనే ఓపిగ్గా చెప్పాను. తిట్లు తిని నేర్చుకున్న భాష ఓ పట్టాన పోదు.

పోయింది ఉద్యోగం. ఆరేళ్ళ క్రితం ఒకరోజు వెళ్ళేసరికి మా విభాగాన్నే ఎత్తేశామని చెప్పి, చేతిలో ఒక పూలకుండీ పెట్టి పంపించారు. పూలకుండీ ఎందుకో ఈ రోజుకీ నాకు అర్థం కాలేదు. ఇంట్లో దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. చివరికి మా ఆయన దాన్ని తీసుకెళ్ళి తన డిపోలో పెట్టేసి వచ్చాడు. ఆయన బస్సు డ్రైవరు.

ఉద్యోగం పోతే పోయింది, భాషను మాత్రం పోనివ్వకూడదని ఆ రోజే పంతం పట్టాను. ఎప్పటికైనా మళ్ళీ ఈ భాషతోనే పని చెయ్యాలి, అది నా కోరిక. కానీ మాట్లాడటానికి మనిషి ఏడీ? మా వీధి మొత్తానికి స్పానిష్ వచ్చింది నా ఒక్కదానికే. నాతో నేను ఎంతసేపని మాట్లాడుకోను? అందుకని పుస్తకాల మీద పడ్డాను. బస్టాండు వెనక పాత పుస్తకాలు అమ్మే ముసలాయన ఒకడున్నాడు. ఆయనకు ఏ పుస్తకం ఏ భాషదో తెలియదు. "ప్రశ్న గుర్తు తలకిందులుగా ఉన్న పుస్తకాలన్నీ నాకు దాచిపెట్టండి బాబాయ్" అని చెప్పాను. స్పానిష్‌లో ప్రశ్నకు ముందు పెట్టే ఆ గుర్తు పట్టుకుని ఆయన ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. ఏరుకునే భాగ్యం నాకెక్కడిది? దొరికిందల్లా తెచ్చుకున్నాను. ఒక ప్రేమ నవల, మేకల పెంపకం గురించి ఒక లావుపాటి పుస్తకం, ఎవరో రాజుగారి మంత్రి రాసుకున్న జ్ఞాపకాలు, అట్ట ఊడిపోయిన ఒక హత్య కథ. అన్నీ చదివాను. మేకకు గిట్టలు ఎలా కత్తిరించాలో స్పానిష్‌లో అడగండి, గడగడా చెబుతాను.

నా పద్ధతి ఒక్కటే. కళ్ళతో చూసి పేజీ తిప్పితే అది చదవడం కాదు, నోరు తిరగాలి. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింటి పక్క గదిలో, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని గట్టిగా చదివేదాన్ని. ఆ గది మా అత్తయ్యది. గొడవ అక్కడే మొదలైంది.

అత్తయ్య దర్జీ కొట్టుకు చొక్కాల బొత్తాలకు కాజాలు కుట్టి ఇస్తుంది. మిషను మీద ఎన్ని కాజాలు వచ్చినా, ఆవిడ చేతి కాజాయే కావాలని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. చొక్కా ఒళ్ళో వేసుకుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, సూది కదుపుతూ కూర్చుంటుంది. చేతులు పనిలో ఉంటాయి, చెవులు మాత్రం ఖాళీ. మొదట్లో నా చదువు ఆవిడకు చెవిలో జోరీగే.

"ఏంటమ్మాయ్ ఆ గోల? ఎవరితో పోట్లాడుతున్నావ్?"

"పోట్లాట కాదత్తయ్యా, చదువుకుంటున్నా."

"చదువుకుంటే చదువుకో, నన్నెవరు అడ్డుకోమన్నారు? కానీ నా గదిలో కూర్చుని నాకు తెలీని మాటలు మాట్లాడితే ఎట్లా? నన్నే తిడుతున్నావేమో, నాకేం తెలుసు?"

అలా కుదిరింది మా ఒప్పందం. ఒక పేజీ స్పానిష్‌లో పైకి చదవాలి. తరువాత పుస్తకం మూసేసి, ఆ పేజీలో ఉన్నదంతా తెలుగులో ఆవిడకు చెప్పాలి. పుస్తకం మూయడం నా నియమం, బుర్రకు పదును పెట్టుకుందామని. చెప్పి తీరాలన్నది ఆవిడ నియమం.

నా పప్పులు ఉడకవని మొదటి వారంలోనే తెలిసిపోయింది. మంత్రిగారి జ్ఞాపకాలు చదువుతున్నాను. ఒక పేజీ చదివి, "రాజుగారు ఒప్పుకున్నారత్తయ్యా" అన్నాను.

"ఆగాగు. ఆ మంత్రి ఊపిరి కూడా తీసుకోకుండా అంత పొడుగు మాట్లాడితే, నువ్వు ఒప్పుకున్నారని ఒక్క ముక్కలో తేల్చేస్తావేం? మిగతాదంతా ఏదీ?"

"అదంతా ఉత్త పొగడ్తలు."

"ఏమని పొగిడాడు?"

"అవెందుకత్తయ్యా ఇప్పుడు?"

"నాకు కావాలి. నన్నెవరైనా పొగిడి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసా? రాజుగారిని పొగిడినవైనా విననీ!"

చూశారా! ఆవిడకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. నేనెంతసేపు చదివానో చెవితోనే కొలుచుకుని, తెలుగు అంతకన్నా పొట్టిగా వస్తే ఠక్కున పట్టేసేది. చొక్కాకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వస్తే ఎంత చిరాకో ఆవిడకు ఇదీ అంతే. మళ్ళీ పుస్తకం తెరిచి, పొగడ్తలన్నీ వరసగా చెప్పాల్సి వచ్చింది. ఆవిడ సూది కదుపుతూ "ఊఁ, బాగా అన్నాడు" అంటూ కూర్చుంది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

అయినా నేను తేలిగ్గా లొంగే రకం కాదు. సందు దొరికితే కత్తిరించేదాన్ని. హత్య కథ దగ్గర దొరికిపోయాను. పెద్ద బంగళా, బయట హోరు వాన, ముసలి జమీందారు తన గదిలో చచ్చి పడి ఉన్నాడు, తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. అక్కడ రచయిత గదిలో ఉన్న సామాను వర్ణించడం మొదలుపెట్టాడు. తెరలట, తివాచీలట, బీరువాలట, బీరువాల మీద బొమ్మలట. చదవడమైతే చదివాను గానీ, తెలుగులో చెప్పేటప్పుడు "పెద్ద గది అత్తయ్యా, నిండా సామాను" అని దాటేశాను. ఆవిడ అనుమానంగా చూసింది. కానీ ఎవరు చంపారన్న ఆత్రంలో పోనీలే అనుకుంది.

పుస్తకం చివరికొచ్చాం. హంతకుడు దొరికాడు. ఎలా వచ్చాడయ్యా అంటే, బీరువా వెనకున్న చిన్న తలుపులోంచి.

సూది ఆగిపోయింది. "ఏ తలుపు?"

"అదే అత్తయ్యా, ఆ గదికి రెండో తలుపు ఒకటుంది కదా..." నా గొంతు నాకే వినిపించలేదు.

"ఉందని నాకు చెప్పావా?"

నేను పుస్తకం పేజీలు వెనక్కి తిప్పాను.

"చెప్పావా అని అడుగుతున్నా! ఇన్ని రోజులూ ఆ బంగళా వంటమనిషి మీద అనుమానం పెట్టుకుని కూర్చున్నా. ఏ పాపమూ ఎరగని మనిషి! రాత్రిళ్ళు కూడా దాన్ని తిట్టుకున్నా. అంతా నీ మూలంగా!"

ఒంటికాలి మీద లేచింది. మా ఆయనకు చెప్పింది, పక్కింటావిడకు చెప్పింది, కాజాలు తీసుకెళ్ళడానికి వచ్చిన దర్జీకి కూడా చెప్పింది, "మా కోడలు నాకు తలుపు దాచిపెట్టింది" అని. ఆ దర్జీ నన్ను ఎలా చూశాడో మీరు చూడలేదు. ఆ తరువాత నేను ఏదీ వదల్లేదు. తెరలు, తివాచీలు, మేకల దాణా కొలతలు, అన్నీ వరసగా తెలుగులో అప్పజెప్పాను. విసుగ్గానే అప్పజెప్పాను, అది వేరే సంగతి.

మా ఆడపడుచును ఇంట్లో అందరం బుజ్జి అంటాం. నాలుగు వీధుల అవతల ఉంటుంది, బ్రెడ్డు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తుంది. సెలవు రోజున వచ్చిందంటే మా ఇద్దరినీ చూసి నవ్వడమే దాని పని.

"ఎందుకు వదినా ఈ తంటా? ఫోన్లో పెడితే క్షణంలో తెలుగు చేసి పారేస్తుంది కదా."

"ఆ ఫోన్‌ని తెచ్చి మీ అమ్మ ముందు కూర్చోబెట్టు. రెండో పేజీకల్లా ఏడుస్తుంది."

అలాంటి బుజ్జి ఒకరోజు పని మధ్యలో లేచి, రొప్పుతూ మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు. "వదినా, నీతో పనిబడింది. మా ఓనరు నిన్ను తీసుకురమ్మన్నాడు."

సంగతి ఏమిటంటే, వాళ్ళ ఫ్యాక్టరీకి పిండి కలిపే కొత్త మిషను ఒకటి వచ్చింది. దాన్ని బిగించి పని నేర్పడానికి కంపెనీ నుంచి మెకానిక్ వచ్చాడు. ఆయనకు స్పానిష్ తప్ప ఇంకో భాష రాదు. ఓనరు ఫోన్ పెట్టి చూశాడు. ఆ ట్రేల చప్పుడులో, ఫ్యాన్ల హోరులో ఫోన్‌కు ఏమీ వినపడలేదు. ఇంకా మిషన్లు వస్తాయట, ఆ కంపెనీతో ఎప్పుడూ మాటలుంటాయట. మనిషి కావాలి. "ఒక్కరోజు చూస్తానన్నాడు వదినా. నచ్చితే ఉంచుకుంటాడు. లేదంటే వేరే ఊరి నుంచి ఎవరినో పిలిపించుకుంటాడు. నేను నీ పేరు చెప్పేశా. నా పరువు తియ్యకు."

నాకు ఆ పని కావాలి. ఉన్నమాట చెబుతున్నాను, ఆరేళ్ళలో దేన్నీ అంతగా కోరుకోలేదు. ఇంట్లో నాకు లోటేమీ లేదు. కానీ నా నోట్లో ఉన్నది నిజంగా భాషేనా, లేక మా అత్తయ్యకు మధ్యాహ్నం కాలక్షేపమా అన్నది ఆ ఒక్కరోజుతో తేలిపోతుంది.

అత్తయ్య కాజా మీంచి తల ఎత్తింది. "భయమా?"

"నాకా? భయమా?"

"అదీ! వెళ్ళు మరి. జుట్టు సరిగ్గా దువ్వుకుని వెళ్ళు."

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీలో అడుగుపెట్టాను. లోపల గాలి నిండా పిండి. తలుపు దగ్గర నిలబడ్డ కాసేపట్లోనే నా కనుబొమ్మలు నెరిసిపోయాయి. ఒక పక్క ఓవెన్ల సెగ, ఇంకో పక్క చక్రాల బండ్ల మీద ట్రేలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చప్పుడు, అంతటా పులిసిన పిండి వాసన. మధ్యలో కొత్త మిషను. మనిషి పడుకోగలిగినంత స్టీలు తొట్టి, దాని మీద జాలీ మూత, లోపల మెలి తిరిగిన లావుపాటి ఇనప కొక్కెం. మిషను పక్కన ఓనరు. ఆయన పక్కన పిండి మేస్త్రి. మోచేతుల దాకా తెల్లగా పిండి పట్టిన మనిషి, ఈ ఊరి బ్రెడ్డు సగం ఆయన చేతుల మీదుగానే వెళుతుందట. అవతల చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న మెకానిక్.

మెకానిక్ నన్ను చూసి నవ్వి, మాట్లాడాడు.

ఒక్క ముక్క అర్థం కాలేదు.

పుస్తకంలో ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది. ఈయన నోట్లో ఖాళీ అన్నదే లేదు. సగం మాటలు చివర మింగేస్తున్నాడు, మిగతా సగం ఒకదాని మీద ఒకటి ఎక్కించేస్తున్నాడు. అప్పుడు తెలిసింది నాకు. ఆరేళ్ళుగా నేను విన్న స్పానిష్ అంతా నా గొంతే. ఓనరు నా మొహంలోకి చూస్తున్నాడు. అద్దాల గదిలోంచి బుజ్జి చూస్తోంది.

ఏదో ఒకటి అనాలి కదా. నోటికొచ్చింది అనేశాను. తెలుగులో చెప్పాలంటే అది ఇలా ఉంటుంది: "మహాశయా, తమ వాక్ప్రవాహమును ఒకింత మందగింపజేయవలసినదిగా సవినయముగా వేడుకొనుచున్నాను." మంత్రిగారి పుస్తకం చలవ.

మెకానిక్ నోరు తెరుచుకుని ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. తరువాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "అమ్మా, మా తాతకు తాత కూడా ఇలా మాట్లాడి ఉండడు. ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"పుస్తకాల్లో" అన్నాను. ఈసారి అర్థమైంది కూడా!

"అయితే నేనూ పుస్తకంలాగే మాట్లాడతా" అని, మాటకూ మాటకూ మధ్య ఊపిరి వదలడం మొదలుపెట్టాడు. ఇక నన్ను పట్టేవాళ్ళెవరు? ఎంత పిండికి ఎన్ని నీళ్ళో, ఏ మీట దేనికో, ఎప్పుడు వేగం పెంచాలో, ఆయన చెప్పడం ఆలస్యం, నేను తెలుగులో పెట్టేశాను. తెలియని మాట వస్తే చేత్తో ముట్టుకుని చూపించమన్నాను. నాకు సిగ్గేమిటి? మేస్త్రి తల ఊపుతున్నాడు. మాట్లాడుతుంటే ఒంట్లోకి ప్రాణం తిరిగి వచ్చినట్టయింది నాకు.

ఓనరుకు మాత్రం తొందర. అస్తమానం గడియారం చూసుకుంటున్నాడు. "అమ్మా, ఆయన చెప్పిందల్లా చెప్పక్కర్లేదు. సారాంశం చాలు. త్వరగా కానివ్వండి."

సారాంశం! నా చెవుల్లో అమృతం పోసినట్టుంది. ఇన్నేళ్ళ తరువాత నన్ను తగ్గించి చెప్పమన్న మొదటి మనిషి. హాయిగా కత్తిరించడం మొదలుపెట్టాను. మెకానిక్ నాలుగు మాటలంటే నేను ఒకటి.

మూత దగ్గరికొచ్చాం. మూత మూస్తేనే మిషను తిరుగుతుంది, తెరిస్తే ఆగిపోతుంది. అది చెప్పాను. ఆ తరువాత మెకానిక్ మూత మీద చెయ్యి వేసి, వాళ్ళ మామయ్య గురించి ఏదో మొదలుపెట్టాడు. మామయ్యకు రొట్టెల కొట్టు ఉందట, మహా గర్విష్ఠి అట, మూతకు తాడేదో కట్టాడట, ఇప్పుడు పేకాటలో కూర్చుంటే ముక్కలు సరిగ్గా పట్టుకోలేడట, ఆయన చేతిలో ఏముందో అందరికీ కనిపిస్తుందట, అందుకని రోజూ ఓడిపోతాడట. చెబుతూ చెబుతూ తనే పగలబడి నవ్వాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు ఓనరు.

"వాళ్ళ మామయ్య పేకాట గురించి లెండి."

"బాగుంది. ముందుకు పదండి."

ముందుకు పోయాం. అంతా అయిపోయింది. ఇక మేస్త్రి ఒకసారి తన చేత్తో మిషను నడపాలి. పిండి పోశారు, నీళ్ళు పోశారు. మెకానిక్ చేతులు కడుక్కొస్తానని అవతలికి వెళ్ళాడు. ఓనరు నావైపు తిరిగి, పరవాలేదన్నట్టు తల పంకించాడు. పని నాదేనని నాకు అర్థమైపోయింది. బుజ్జికి కనబడేలా కళ్ళెగరేశాను.

అప్పుడు మేస్త్రి భుజం మీది గుడ్డ తీసి, పీలిక చించాడు. మడిచి, మూత తాళం పడే సందులో కూరాడు.

"అదేంటి మేస్త్రిగారూ?" అన్నాను.

"ఇదా అమ్మా? పిండి కుదిరిందో లేదో చేత్తో చూస్తే గానీ తెలీదు కదా. ప్రతిసారీ మూతతో కుస్తీ ఎవరు పడతారు? పాత మిషనుకీ ఇట్లాగే గుడ్డ పెట్టేవాళ్ళం. మూత మూసే ఉందని మిషను అనుకుంటుంది. ఆపి, చెయ్యి పెట్టి చూసుకుని, మళ్ళీ నడపడమే." అంటూ మూత పైకెత్తి, మిషను మీట నొక్కాడు. కొక్కెం తిరగడం మొదలుపెట్టింది.

మూతకు తాడు. పేకముక్కలు పట్టుకోలేని చెయ్యి. అది పేకాట కబురు కాదు. ఆయన చెప్పినవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే, నేను మింగేసింది అదే.

మేస్త్రి మిషను ఆపాడు. చొక్కా చెయ్యి పైకి లాక్కున్నాడు.

"చెయ్యి పెట్టొద్దు!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే ట్రేల బండ్లు కూడా ఆగిపోయాయి. మేస్త్రి చెయ్యి తొట్టి అంచు మీద ఆగింది. ఆగిపోయిన కొక్కెం అప్పుడు తనంతట తానే కదిలింది. తొట్టి అంచును ఒరుసుకుంటూ గిర్రున ఒక చుట్టు తిరిగి, పక్కకొచ్చి నిలబడింది. ఎవరూ ఏ మీటా ముట్టుకోలేదు.

నా అరుపుకు మెకానిక్ తడి చేతులతో పరుగెత్తుకొచ్చాడు. గుడ్డ పీలిక చూశాడు. నేను అడగకుండానే ఒక పెద్ద కొయ్య గరిట తీసుకుని, మిషను నడిపి, ఆపి, గరిటను తొట్టిలోకి దించాడు. మిషను ఆపాక తన చోటికి తిరిగి చేరే ఆ కొక్కెం, పోతూ పోతూ దాన్ని రెండు ముక్కలు చేసింది. విరిగిన చప్పుడుకు మేస్త్రి తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని వెనక్కి జరిగాడు.

"ఇదంతా ఆయన ముందే చెప్పాడండీ" అన్నాను ఓనరుతో. "మూతకు తాడు కట్టి చెయ్యి పెట్టబట్టే వాళ్ళ మామయ్య వేళ్ళు పోయాయి. ఆయన నవ్వుతూ చెప్పాడు కాబట్టి కబుర్లనుకుని నేను వదిలేశాను. తప్పు నాది."

ఓనరు మొహం ఎర్రబడింది. "మీకు స్పానిష్ వచ్చనే కదమ్మా పిలిపించింది! ఇంతమంది ముందు మీరు..."

"స్పానిష్ వచ్చు. నిక్షేపంగా వచ్చు" అన్నాను. కోపం వచ్చేసింది నాకు, ఆయన మీదో నా మీదో తెలియదు. "ఇది సారాంశం వల్ల వచ్చిన తిప్పలు. నన్ను ఉంచుకుంటే ఆయన దగ్గినా తుమ్మినా అదీ తెలుగులో చెబుతాను, మీరు గడియారం చూసుకోకుండా వినాలి. క్లుప్తంగా కావాలంటే మీ ఫోన్ ఉంది. నేను ఇంటికి పోతాను."

అనేశాక తెలిసింది ఏమన్నానో. అద్దాల గదిలో బుజ్జి తల పట్టుకుంది. ఆరేళ్ళ కోరిక ఒక్క నోటి దురుసుతో పోయిందనుకున్నాను. కానీ ఆ మాట మళ్ళీ అనమంటే మళ్ళీ అంటాను.

ముందు కదిలింది మేస్త్రి. విరిగిన గరిట ముక్కను ఇటూ అటూ తిప్పి చూసి, నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఆయన పొద్దుట్నుంచీ ఇంకా ఏమేం చెప్పాడు? నవ్వుతూ చెప్పినవి కూడా చెప్పు. మొదట్నుంచీ చెప్పు. ఈ రెండు చేతులూ ఇక నీ నోటి మాట మీదే ఉన్నాయి."

ఒక బోర్లించిన ట్రే మీద ఆయన కూర్చున్నాడు. పక్కన మిగతా పనివాళ్ళు కూర్చున్నారు. మెకానిక్ మళ్ళీ మొదలుపెట్టాడు, నేను చెప్పాను. ఏదీ వదల్లేదు. మామయ్య గర్వం, తాడు రంగు, పేకాటలో ఎవరెవరు కూర్చుంటారు, అన్నీ. మధ్యలో ఎప్పుడో చూస్తే ఓనరు కూడా గోడకు ఆనుకుని నిలబడి వింటున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నన్ను ఆపి, "రేపట్నుంచి రండి. వచ్చే మిషన్లకి కూడా మీరే ఉండాలి" అన్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు. నాకు అది చాలు.

సాయంత్రం ఇంటికొచ్చి అత్తయ్య పక్కన కూలబడి, జరిగిందంతా చెప్పాను. నేను మింగేసిన సంగతి కూడా దాచలేదు. తలుపు దాచినప్పుడు ఒంటికాలి మీద లేచిన మనిషి, ఇప్పుడు ఒక్క మాట అనలేదు. "ఆ మేస్త్రికి పిల్లలున్నారా?" అని మాత్రం అడిగింది. ఉన్నారన్నాను. "అయితే రేపట్నుంచి రోజూ వెళ్తావన్నమాట" అంది.

"వెళ్తానత్తయ్యా."

"మంచిది. మంచి మాట" అంటూ చొక్కా మడత పెట్టింది. మడత పెట్టిన చొక్కాకు ఇంకా మూడు కాజాలు మిగిలే ఉన్నాయి.

నా మనసు కలుక్కుమంది. సముద్రం ఒడ్డున దీపస్తంభం కాసే అక్కాచెల్లెళ్ళ నవల ఒకటి మాకు సగంలో ఉంది. ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఇక మధ్యాహ్నాలు ఆవిడ ఒక్కతే కూర్చుంటుంది. ఏమనాలో తెలియక, "వినడమే కష్టమైందత్తయ్యా" అన్నాను. "ఇన్నాళ్ళూ నా గొంతు తప్ప ఇంకోటి వినలేదు కదా, ఆ మెకానిక్ నోరు తెరిస్తే బిక్కచచ్చిపోయా." అలా అనేసి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాను.

ఉల్లిపాయలు తరుగుతుంటే పక్క గదిలోంచి ఏదో వినిపించింది. ముందు దగ్గు. తరువాత కూడబలుక్కుంటున్న ఒక్కో మాట. గుమ్మంలోకి వెళ్ళి చూశాను. అత్తయ్య నా కుర్చీలో కూర్చుని, నవల మొహానికి దగ్గరగా పట్టుకుని, వేలు పెట్టి చదువుతోంది. మందు సీసాల మీది పేర్లు చదువుకునేపాటి ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకు వచ్చు. ఏ అక్షరం స్పానిష్‌లో ఎలా పలుకుతుందో ఆరేళ్ళుగా చెవిన పడుతూనే ఉంది. తెలియనిచోట తనకు తోచినట్టు పలికేస్తోంది. ప్రతి మాటనూ తెలుగు మాటలా సాగదీస్తోంది. మా ఇంట్లో ఆరేళ్ళలో నాది కాని గొంతులో స్పానిష్ వినడం నాకు అదే మొదటిసారి.

తల ఎత్తకుండానే, "అక్కడ నిలబడి చూస్తావేం? నేను చదువుతా, నువ్వు వంట చేస్తూ చెప్పు" అంది. "ఇప్పుడు చదివింది అర్థమైందా?"

"అర్థమైందత్తయ్యా."

"మరి ఏడుస్తావేం? అంత ఏడుపు కథా?"

"కాదత్తయ్యా. దూరంగా పడవ ఒకటి వస్తోందని చెల్లెలు అక్కను కేకేసిందట. అంతే."

"పడవా! అందులో ఎవరున్నారు?" అంటూ, నా జవాబు కోసం ఆగకుండా వేలు కింది వరస మీదికి జరిపి, ఆవిడే చదవడం మొదలుపెట్టింది.